శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు

శ్రీవల్లి వంటింట్లో ఫ్రిజ్ పక్క గోడకి తెలుగు క్యాలెండరు వేలాడుతుంటుంది. కార్ల్స్‌రూహెలో ఇండియన్ షాపువాళ్ళు కొత్త సంవత్సరానికి పది కిలోల బియ్యం కొన్నవాళ్ళకి ఊరికే ఇచ్చినది. లక్ష్మీదేవి బొమ్మ కింద తేదీల గళ్ళు, గళ్ళలో తిథి, నక్షత్రం, వర్జ్యం. అన్నిటికంటే అడుగున ఎర్ర అక్షరాల పట్టీ ఒకటి, ఏ వారం రాహుకాలం ఎప్పుడో చెప్పేది. ఆ పట్టీ ఆమెకి చూడక్కర్లేదు, నోటికి వచ్చు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు.

ఇవన్నీ నమ్ముతావా అని ఎవరైనా అడిగితే శ్రీవల్లి తేల్చి చెప్పలేదు. కాకినాడలో లెక్కలు తీసుకుని డిగ్రీ చదివిన మనిషి. పెళ్ళయి జర్మనీ వచ్చిన కొత్తలో అత్తగారు మంగతాయారు రోజూ ఫోన్లో అడిగేది, అబ్బాయి చూసుకునే బయల్దేరాడా అని. చూసుకునే వెళ్ళారండీ అని అబద్ధం చెప్పడం ఇష్టం లేక శ్రీవల్లి నిజంగానే చూడ్డం మొదలుపెట్టింది. ఏడేళ్ళు తిరిగేసరికి అది తలుపు తాళం పడిందా లేదా అని మళ్ళీ ఒకసారి లాగి చూసుకోవడం లాంటిదైపోయింది. ఉద్యోగం మీద ఇచ్చే వీసా, బ్లూ కార్డ్, దాని ఆఫీసులో టెర్మిన్ (అపాయింట్‌మెంటు) ఉన్న రోజున కూడా భర్త ఈశ్వర్ చేత ఒక ట్రామ్ వదిలేయించి తరవాతది ఎక్కించింది. పని అయింది. రాహుకాలం తప్పించడం వల్లే అయిందని ఇద్దరిలో ఎవరూ అనలేదు. కాదనీ అనలేదు.

ఈశ్వర్ పనిచేసే కంపెనీ చిన్నది. ఎండ ఎంత కాస్తోందో కొలిచే పరికరాలు తయారుచేసి బిగించి వస్తుంది. ఫిబ్రవరిలో కొలవదగిన ఎండ జర్మనీలో ఎక్కడా దొరకదు కాబట్టి అతన్నీ, అతని పైవాడు మార్కుస్‌నీ నాలుగు వారాలకి నమీబియా ఎడారికి పంపింది. ఇక్కడ మంచు పడుతుంటే అక్కడ నడివేసవి. శ్రీవల్లి ఫోన్లో వాతావరణం చూపించే చోట ఒకదాని కింద ఒకటి రెండు ఊళ్ళుండేవి. పైన కార్ల్స్‌రూహె, రెండు డిగ్రీలు, పొగమంచు. కింద ఈశ్వర్ ఉన్న ఊరు, నలభై రెండు. దాని పక్కన మబ్బూ మెరుపూ బొమ్మ, ఆ పక్కన పసుపురంగు త్రికోణం. త్రికోణం మీద నొక్కితే జర్మన్లో రెండు వాక్యాలు వచ్చేవి: మధ్యాహ్నం తరవాత ఉరుములతో వాన పడవచ్చు, ఎండిన వాగుల్లో ఉన్నట్టుండి వరద రావచ్చు.

మొదటి వారం రోజూ ఆ రెండు వాక్యాలూ భర్తకి చదివి వినిపించింది.

"ఇక్కడ మూడేళ్ళుగా చుక్క పడలేదట వల్లీ," అని నవ్వాడు ఈశ్వర్. "ఆ త్రికోణానికి కూడా ఎవరో జీతమిస్తుంటారు. పాపం రోజూ డ్యూటీ చేసుకుపోతోంది."

రెండో వారం చదవడం మానేసింది. మూడో వారం త్రికోణం కనబడగానే వేలితో పక్కకి తోసేసింది.

ఆ శుక్రవారం పొద్దున్న పది కావడానికి ఇరవై నిమిషాలుందనగా ఈశ్వర్ ఫోన్ చేశాడు. అక్కడి గడియారం ఇక్కడికంటే గంట ముందు.

"ఏం చేస్తున్నావు?"

"మీ సుపుత్రుడికి డ్రస్సు కుడుతున్నాను. సోమవారం వాడి కీటా బళ్ళో ఫాషింగ్, వేషాల పండగ. పిల్లలందరూ సింహాలూ రాజకుమారులూ అవుతుంటే మీవాడు చెత్త బండి మనిషి అవుతాట్ట. నారింజ రంగు చొక్కా, వెండి పట్టీలు."

"స్థిరమైన ఉద్యోగం. వీసా గొడవ ఉండదు." అతని వెనక ఎవరో బండి తలుపు గట్టిగా వేశారు. "సరే, మేం బయల్దేరుతున్నాం. రెండు బళ్ళు. మార్కుస్ ముందు, నేనూ పెట్రూసూ వెనకాల. పెద్ద వాగు దాటి రెండింటికల్లా గెస్ట్‌హౌస్‌లో ఉంటాం."

"ఇప్పుడెంతయింది మీకు?"

"పది నలభై."

"ఇవాళ శుక్రవారం కదండీ."

"తెలుసు. చెప్పకుండా పోదామనే అనుకున్నాను. నోరు ఊరుకోలేదు."

"పన్నెండు దాటాక బయల్దేరండి."

"ఏ గడియారం పన్నెండు తల్లీ? కాకినాడదా, కార్ల్స్‌రూహెదా, ఇక్కడిదా?"

"మనిషి ఎక్కడుంటే అక్కడి గడియారమే," అంది శ్రీవల్లి. ఇది తను జర్మనీ వచ్చిన మొదటి నెలలోనే ఆలోచించి పెట్టుకున్న నియమం.

ఈశ్వర్ పక్కన ఎవరో ఇంగ్లీషులో ఏదో అన్నారు. మర్యాదగానే, కానీ రెండోసారి అంటున్నట్టుగా.

"ఎవరండీ? ఏమంటున్నాడు?"

"పెట్రూస్, మా డ్రైవరు. తూర్పు కొండల మీద మబ్బు పేరుకుంటోంది, ఇప్పుడే పోతే మంచిది సార్ అంటున్నాడు."

"మన త్రికోణం కూడా మూడు వారాలుగా అదే అంటోందిగా."

ఈశ్వర్ పకపకా నవ్వాడు. "నిజమే. మార్కుస్‌కి లాప్‌టాప్‌లో ఏదో పంపాల్సింది మిగిలిందని చెప్తాలే. రాహువెవరో వాడికి అర్థమయ్యేలా చెప్పేసరికి సాయంత్రమవుతుంది."

"మంచినీళ్ళు ఎక్కువ పెట్టుకోండి."

పదకొండూ అయిదుకి మెసేజ్ వచ్చింది. 'మాకు 12.05. బయల్దేరాం. శాస్త్రోక్తంగా అని అమ్మకి చెప్పు.' శ్రీవల్లి అత్తగారికి చెప్పింది. చొక్కా చేతికి మొదటి వెండి పట్టీ వేసింది.

లెక్క ప్రకారం రెండుంబావుకి, మహా అయితే రెండున్నరకి, చేరామని కబురు రావాలి. రాలేదు. ఎడారిలో సిగ్నల్ ఉండదని తెలుసు. మూడింటికి కీటాకి వెళ్ళి కౌశల్‌ని తీసుకొచ్చింది. అయిదేళ్ళవాడు, ట్రామ్‌లో తల్లి తెలుగులో అడిగినవన్నిటికీ జర్మన్లో జవాబు చెప్పి, ఇంటికి రాగానే నారింజ చొక్కా తొడుక్కుని, "మామా, వో ఇస్ట్ మైనె టోనె?" అన్నాడు. అమ్మా, నా చెత్తడబ్బా ఏదీ అని. స్నానాలగదిలో తుడిచే బకెట్టు ఇచ్చింది. వాడు దాన్ని గదులన్నీ తిప్పుకుంటూ కాయితాలు ఏరుకుంటున్నాడు.

నాలుగూ పదికి మార్కుస్ ఫోన్ చేశాడు. శ్రీవల్లికి అర్థమవ్వాలని జర్మన్లో ఒక్కొక్క మాటా విడదీసి మాట్లాడాడు.

"శ్రీవల్లీ, ఈశ్వర్ నీతో ఏమైనా మాట్లాడాడా, మధ్యాహ్నం తరవాత?"

"లేదు."

"నేను పన్నెండుంబావుకి వాగు దాటాను. అప్పుడు అందులో రాయి తడవడానికి కూడా నీళ్ళు లేవు. ఒకటీ నలభైకి వాగు వచ్చిందని ఈ గెస్ట్‌హౌస్ ఉన్న ఫార్మ్ ఆయనకి రేడియోలో చెప్పారు. మా దగ్గర చుక్క పడలేదు. కొండల్లో పడింది. ఈశ్వర్ బండి ఇంకా రాలేదు. అటు ఒడ్డునే ఆగిపోయారేమో. పోలీసులకి చెప్పాం, వెతకడానికి వెళ్ళారు."

"సరే."

"ఒకటి అడగనా? వాడు ఎందుకు ఆగిపోయాడు? లాప్‌టాప్ పని అన్నాడు. లాప్‌టాప్ నా బండిలోనే ఉంది. నీకేమైనా తెలుసా?"

"ఇష్ వైస్ ఎస్ నిష్ట్," అంది శ్రీవల్లి. తెలీదు అని. జర్మన్ క్లాసులో మూడేళ్ళు తడబడిన మనిషికి ఆ వాక్యం ఒక్క తప్పు లేకుండా వచ్చింది.

ఫోన్ పెట్టేశాక మళ్ళీ సూది తీసుకుంది. రెండో చేతి పట్టీ వేసి, చొక్కా బల్లమీద పరిచి చూస్తే మొదటిదానికంటే వేలెడు పైకి ఉంది. కుట్టు విప్పేసింది. మళ్ళీ వేసింది. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది, ఎవరో పిలుస్తారని వాకిట్లో నిలబడ్డట్టు. రాలేదు. అరచేతులు మాత్రం చల్లగా ఉన్నాయి. రేడియేటర్ మీద పెట్టుకుంటే అది వేడిగా ఉందన్న సంగతి తెలుస్తోంది గానీ వేడి తెలియడం లేదు.

అయిదింటికి భానుప్రియ వచ్చింది. కరీంనగర్ పిల్ల, రెండు స్టాపుల అవతల ఉంటుంది, ఈశ్వర్ ఆఫీసు పక్క వీధిలో ఐటీ ఉద్యోగం. మార్కుస్ వాళ్ళ ఆఫీసువాళ్ళెవరో చెప్పారట, ఆఫీసు బ్యాగుతోనే పరుగెత్తుకొచ్చింది.

"లైట్ ఏస్కోలేదేంది అక్కా? చీకట్ల కూసుండి కుడుతున్నవా?"

"చీకటి పడిందా?"

భానుప్రియ లైటు వేసింది. శ్రీవల్లి ముఖం చూసి, ఇంకేం అడగకుండా కోటు విప్పి, వంటింట్లోకి వెళ్ళి ఉప్మారవ్వ డబ్బా వెతుక్కుంది. వేయిస్తూ అక్కణ్ణించే మాట్లాడింది.

"బావగారికేం గాదక్కా. గట్టోడు. మా కొత్త అల్మారా మూడంతస్తులు ఒక్కడే మోసిండు. మా ఆయన కింద నిలబడి ఫోటోలు తీసిండు, సిగ్గులేకుంట." ఆగింది. "పొద్దున మాట్లాడిండ్రా మీరు?"

"మాట్లాడాం."

"ఏమన్నరు?"

"మంచినీళ్ళు ఎక్కువ పెట్టుకోమన్నాను."

"ఇంకా?"

"అంతే," అంది శ్రీవల్లి. ఒకే రోజున రెండో అబద్ధం.

కౌశల్ ఉప్మా తిన్నాడు. జీడిపప్పు ఏరి బకెట్లో వేస్తుంటే భానుప్రియ తిట్టింది, వాడు కిలకిలా నవ్వాడు. శ్రీవల్లి తన పళ్ళెంలోది చెంచాతో చదును చేసి, నాలుగు భాగాలు చేసి, ఒక భాగం తింది. రుచి తెలీలేదు. ఉప్పు సరిపోయిందా అని భానుప్రియ అడిగితే సరిపోయిందంది.

ఆరూ నలభైకి చాలా పొడవైన నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"వల్లీ."

"ఊఁ."

"నేను బాగానే ఉన్నాను. ఒడ్డునే ఉన్నాను. ఇక్కడి పోలీసుల ఫోను ఇది, ఎక్కువసేపు మాట్లాడలేను." ఈశ్వర్ గొంతు కూడా చదునుగా, రేడియోలో వార్తలు చదివినట్టుగా ఉంది. "వాగు దగ్గరికి వచ్చేసరికి మడమ లోతు నీళ్ళున్నాయి. ఎర్రగా. వంతెన లేదు, రోడ్డే వాగులోకి దిగి ఎక్కుతుంది. దాటగలమా అని నేనే అడిగాను. మార్కుస్ ఎదురుచూస్తుంటాడని. పెట్రూస్ నన్ను బండిలోనే ఉండమని చెప్పి, లోతు చూసొస్తానని కర్ర పట్టుకుని దిగాడు. సగం దూరం వెళ్ళాడు. రైలు వచ్చినట్టు చప్పుడు వినబడింది. ఆకాశం చూస్తే నీలంగా ఉంది వల్లీ. నెత్తిమీద ఎండ మాడ్చేస్తోంది."

"తరవాత?"

"కనబడలేదు. వెతుకుతున్నారు."

శ్రీవల్లికి ఏదో ఒకటి అనాలనిపించింది. "తిన్నారా?" అంది.

ఫోన్ పెట్టేసి భానుప్రియకి చెప్తే ఆ పిల్ల శ్రీవల్లిని వాటేసుకుని భోరున ఏడ్చింది. శ్రీవల్లి దాని వీపు నిమిరింది, చాలాసేపు, ఒకే చోట.

మర్నాడు శనివారం పొద్దున్న ఈశ్వర్ మెసేజ్ ఉంది. 'పెట్రూస్ దొరికాడు. మూడు కిలోమీటర్ల దిగువన. లేడు.' దాని కింద ఇంకోటి. 'ఎందుకు లేటయిందని పోలీసులు అడిగారు. బండి అద్దెకిచ్చినవాళ్ళు డ్రైవరే మబ్బు చూసుకోకుండా ఆలస్యంగా తీశాడని రాయించారు. పెట్రూస్ వాళ్ళావిడ అక్కడే కూర్చుని ఉంది. నేనేం మాట్లాడలేదు.'

ఆ రెండో మెసేజ్ శ్రీవల్లి మూడుసార్లు చదివింది.

అంతలో, వాగు సంగతి రాత్రే శ్రీవల్లి చెప్పగా విన్న మంగతాయారు ఫోన్ చేసింది. ఆవిడ గొంతు సంతోషంతో వణుకుతోంది.

"నువ్వే కాపాడావే వల్లీ వాణ్ణి! నువ్వా టైముకి ఆపకపోతే సరిగ్గా నడి ఏట్లో ఉండేవాడు. పొద్దున్నే మన పక్కింటి విశ్వనాథంగారికీ, మీ పెద్దత్తయ్యకీ అందరికీ చెప్పాను. మా కోడలు జర్మనీలో ఉన్నా పద్ధతి వదల్లేదు, అందుకే నా కొడుకు దక్కాడని."

"ముందు బండిలో వెళ్ళిన మార్కుస్ పొడి ఇసకలో దాటేశాడు అత్తయ్యా. పది నలభై అయిదుకి బయల్దేరాడు."

"వాళ్ళకి రాహువేవిటే, వర్తించదు."

"డ్రైవరు పోయాడు."

"అయ్యో పాపం." నిజంగానే బాధపడింది ఆవిడ, ఒక్క నిమిషం. "ఎవరి రాత వాళ్ళది. నువ్వు మాత్రం ఆ క్యాలెండరు కళ్ళకద్దుకో ముందు."

ఫోన్ పెట్టేశాక శ్రీవల్లి క్యాలెండరు ముందు నిలబడింది. కళ్ళకద్దుకోలేదు. ఎర్ర పట్టీకేసి చూస్తుంటే తనకి చిన్నప్పటినుంచీ తెలిసిన సంగతే ఒకటి గుర్తొచ్చింది. రాహుకాలమంటే గడియారంలో అంటించిన గంటన్నర కాదు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పగటిని ఎనిమిది భాగాలు చేస్తే, వారాన్ని బట్టి అందులో ఒక భాగం. శుక్రవారానిది నాలుగోది. సూర్యుడు సరిగ్గా ఆరింటికి పొడిచి ఆరింటికి గుంకితేనే అది పదిన్నర నుంచి పన్నెండు. క్యాలెండర్లవాళ్ళు సులువుగా ఉంటుందని అదే అచ్చువేస్తారు.

కీటావాళ్ళిచ్చిన ఫాషింగ్ కాయితం వెనక్కి తిప్పి, పెన్ను తీసుకుంది. ఫోన్లో ఆ ఊరి నిన్నటి సూర్యోదయం ఆరూ ముప్ఫయ్యేడు. అస్తమయం ఏడూ ఇరవయ్యేడు. పగలు ఏడువందల డెబ్భై నిమిషాలు. ఎనిమిదో వంతు తొంభయ్యారు నిమిషాల పైచిల్లర. మూడు భాగాలు గడిచేసరికి పదకొండూ ఇరవయ్యారు. నాలుగోది పూర్తయ్యేసరికి ఒంటిగంటా రెండు.

పది నలభైకి రాహుకాలం లేదు. పన్నెండూ అయిదుకి ఉంది, ఇంకా సుమారు గంట మిగిలి ఉంది.

మళ్ళీ మొదట్నించి చేసింది. అదే వచ్చింది. లెక్కలో తప్పేమీ లేదు. మంచి టైములో బయల్దేరబోతున్న మనుషుల్ని ఆపి, రాహుకాలం నడిమధ్యలో పంపించింది. నమ్మేవాళ్ళ లెక్కలో చూసినా తప్పే, నమ్మనివాళ్ళ లెక్కలో చూసినా తప్పే. ఇక ఈ ఏడేళ్ళలో తను వదిలేయించిన ట్రాముల సంగతి ఎవరు లెక్కేస్తారు? కాయితం మడవబోయి, ఆగి, లెక్క కింద ఖాళీలో జర్మన్ వాక్యాలు రాసుకోవడం మొదలుపెట్టింది. క్రియ ఎక్కడ పడాలో చూసుకుంటూ, తెలియని మాట దగ్గర నిఘంటువు తీస్తూ, ఆరు వాక్యాలు.

ఈశ్వర్‌కి మెసేజ్ పెట్టింది. 'మార్కుస్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను.' చదివినట్టు రెండు గీతలూ నీలంగా మారాయి. జవాబు రాలేదు.

ఆ వారం బిల్డింగులో అందరి ఉమ్మడి మెట్లు తుడిచే వంతు వాళ్ళది. తలుపుకి బోర్డు వేలాడుతోంది. శనివారం మధ్యాహ్నం లోపు తుడవకపోతే కింది ఇంటి ముసలావిడ వచ్చి గంట కొడుతుంది. కౌశల్ దగ్గర బకెట్టు తీసుకుని, నీళ్ళు నింపి, పై అంతస్తు నుంచి మొదలుపెట్టింది. మూడో అంతస్తు అయింది. రెండోది సగం అయింది. ఈశ్వర్ నుంచి ఏమీ రాలేదు. తుడిచే కర్ర గోడకి ఆనించి, తడి ఆరని మెట్టు మీదే కూర్చుని, కాయితం మోకాలి మీద పెట్టుకుని మార్కుస్‌కి ఫోన్ చేసింది.

"ఈశ్వర్ ఇప్పుడే పడుకున్నాడు, కాసేపు నిద్రపోనిద్దామని..." అంటున్నాడు మార్కుస్.

"నీతోనే మాట్లాడాలి. నిన్న నువ్వు అడిగావు, ఎందుకు ఆగాడని. తెలీదన్నాను. తెలుసు. నేనే ఆపాను."

ఆమె కాయితం చూసి చదివింది.

"మాకు ప్రతి రోజూ కొంతసేపు మంచిది కాని సమయం ఉంటుంది. ఆ సమయంలో ప్రయాణం మొదలుపెట్టం. అది పన్నెండింటి దాకా ఉందని చెప్పి నేను అతన్ని ఆగమన్నాను. మబ్బు ఉంది, ఇప్పుడే పోదామని డ్రైవరు అన్నాడు. ఆ మాట నేను ఫోన్లో విన్నాను. విని కూడా ఆగమన్నాను."

ఆరు వాక్యాలూ అయిపోయాయి.

మార్కుస్ అడ్డురాకుండా అంతా విన్నాడు. "ఇది నేను పోలీసులకి రాసిస్తే ఈశ్వర్ నాతో అబద్ధం చెప్పినట్టు కంపెనీకి తెలుస్తుంది. ఉద్యోగం పోవచ్చు. మీ బ్లూ కార్డ్ ఆ ఉద్యోగం మీదే కదా. ఆలోచించావా?"

"ఆలోచించాను. బండివాళ్ళు డ్రైవరుదే తప్పని రాశారు."

"అవును."

"అది నిజం కాదు."

మార్కుస్ కాయితం తీస్తున్న చప్పుడు వినిపించింది. "మీ సమయం. దానికి పేరేమైనా ఉందా, రాయడానికి?"

"పేరు అక్కర్లేదు. భార్య ఫోన్ చేసి ఆపింది, ఇప్పుడే పోదామని డ్రైవరు చెప్పాడు. అది చాలు. ఆయన పేరు రాయి. నా పేరు కూడా రాయి."

"ఇప్పుడే పోదామని పెట్రూస్ చెప్పాడు," అన్నాడు మార్కుస్ నెమ్మదిగా, రాసుకుంటూ. కాసేపటికి ఆమె పేరు కూడా పలికాడు, ఇంటిపేరుతో సహా.

ఫోన్ జేబులో పెట్టుకుంటుంటే అది ఒకసారి అదిరింది. ఈశ్వర్. ఒక్క మాట. 'చెప్పావా?'

'చెప్పాను' అని పంపింది. గీతలు నీలంగా మారాయి. ఆమె కాసేపు చూసి, ఫోన్ లోపల పెట్టేసింది.

పైనుంచి కౌశల్ నారింజ చొక్కాలో కడ్డీల మధ్యలోంచి తొంగిచూశాడు. రెండు చేతుల వెండి పట్టీలూ సరిగ్గా ఒక ఎత్తులో మెరుస్తున్నాయి.

"మామా, బిస్ట్ డు ఫెర్టిగ్?" అయిపోయిందా అని. వాడికి బకెట్టు కావాలి.

"ఇంకా కింది వరస ఉంది నాన్నా," అంది శ్రీవల్లి. గుడ్డ బకెట్లో ముంచి, పిండి, తరవాతి మెట్టు మీద వేసింది.